విదేశీ కంపెనీలకి సవాళ్ళంట! మరి రేటు కోత మాకెందుకు?

ఉండి_చెరువుగట్టు
మా అబ్బాయి ఎంబీఏ చదువుతున్నాడు. వాడికిచ్చిన సెమినార్ టాపిక్ "ప్రపంచీకరణ వ్యాపారంలో బహుళజాతి సంస్థలు ఎదుర్కొనే సవాళ్ళు". స్లైడ్లన్నీ నాకు చదివి వినిపించాడు. సుంకాలు, మారకపు రేట్లు, ఒక్కో దేశంలో ఒక్కో చట్టం, భాషలు, అలవాట్లు... వినే కొద్దీ ఒళ్ళు మండింది.

నా సంగతి చూడండి. తల్లిరొయ్య హవాయి నుంచో ఫ్లోరిడా నుంచో విమానంలో దిగుతుంది. మేత కంపెనీలో విదేశీ వాటా. పట్టిన సరుకులో పెద్ద భాగం అమెరికా పోతుంది. ఇంత పొడుగు గొలుసులో ఎటూ కదల్లేనిది నా ఆరెకరాల లీజు చెరువొక్కటే. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ సుంకాల వార్త టీవీలో వచ్చిందో లేదో, వంద కౌంటు (కిలోకి వంద తూగే రొయ్య) మీద కిలోకి నలభై రూపాయల దాకా కోసేశారు. అప్పటికి ఆ కొత్త సుంకం కట్టిన కంటైనర్ ఒక్కటైనా లేదు. వారం తిరిగేసరికి ఆ 26 శాతం సుంకాన్ని వాయిదా వేసి 10 దగ్గర ఆపారు. కోసిన రేటు మాత్రం అంత తొందరగా వెనక్కి రాలేదు. ఆగస్టు 27న 50 అయింది, మళ్ళీ కోత.

సవాలు వాళ్ళదా నాదా? చెప్పండి, వాడి స్లైడ్లలో అదే రాయిస్తాను.

మొగల్తూరు_మావయ్య
కోసింది విదేశీ కంపెనీ కాదు బాబూ, మన ఊరి ఏజెంటే. సుంకం పేరు చెప్పి పాత నష్టాలన్నీ పూడ్చుకున్నాడు.

సైలెంట్_రీడర్
నిజం. మా వైపు బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నా రేటు తగ్గుతుంది, అమెరికాలో ఎన్నికలన్నా తగ్గుతుంది.

క్యూసీ_అమ్మాయి
నేను ఎగుమతి ప్లాంటులో పనిచేస్తాను కాబట్టి నా మాట కాస్త అటువైపే మొగ్గుతుంది, ముందే చెప్తున్నా.

ఏప్రిల్ కోతలో సగం భయం, సగం అవకాశం చూసుకోవడం. కానీ ఆ భయం ఉత్తిది కాదు. ఇవాళ కొన్న రొయ్య తల తీసి, వలిచి, నరం తీసి, ఫ్రీజ్ చేసి, విశాఖలో ఓడెక్కిస్తే అమెరికా తూర్పు తీరం చేరేసరికి నెల దాటిపోతుంది. ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక, అంటే 2023 చివర నుంచి, చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్ళడం మొదలుపెట్టాయి. అది ఇంకొన్ని రోజులు. సరుకు దిగే రోజున సుంకం ఎంతుంటుందో కొనే రోజున ఎవడికీ తెలీదు. చాలా ఆర్డర్లలో సుంకం, రవాణా అన్నీ కలిపి వాళ్ళ గోడౌన్ గుమ్మంలో అప్పగించే రేటుకే ఒప్పుకుంటాం. మధ్యలో సుంకం పెరిగితే అది కొనేవాడి నెత్తిన పడదు, మా నెత్తిన పడుతుంది. ఆగస్టులో దారిలో ఉన్న సరుక్కి కొంచెం గడువిచ్చారు కాబట్టి బతికిపోయిన ప్లాంట్లున్నాయి. యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (ప్రభుత్వ రాయితీలకి విరుగుడుగా వేసేది) సుంకాలు కూడా కలిపితే మొత్తం 58 శాతం దాటింది. ఏ లాభంలోంచి కట్టాలి?

ఉండి_చెరువుగట్టు
@క్యూసీ_అమ్మాయి దారిలో ఉన్న సరుక్కి గడువిచ్చారు సరే, చెరువులో ఉన్న సరుక్కి ఎవరిస్తారమ్మా? ముప్ఫై కౌంటు దాకా పెంచుదామనుకున్న చెరువు, ఓ పక్క రేటు భయం, ఓ పక్క తెల్లమచ్చ జబ్బు భయం, ఎనభైకే పట్టేశాను.

డల్లాస్_రాజు
ఇక్కడ షాపులో రొయ్యల సంచీ తిప్పి ఏ దేశానిదో చదవడం నాకలవాటు. ఇంతకుముందు ఏది తీసినా ఇండియాదే. ఇప్పుడు పక్కన ఈక్వడార్‌ది, ఇండోనేసియాది ఎక్కువ కనిపిస్తున్నాయి. రేటు కొంచెం పెరిగింది, కొనేవాళ్ళు మామూలుగానే కొంటున్నారు. షాపువాడికి మాత్రం ఏ టెన్షనూ లేదు.

మొగల్తూరు_మావయ్య
అల్లుడూ, ఆ సంచీలో నాలుగు ఇటు పంపు, మన చెరువువో కాదో రుచి చూసి చెప్తాను.

సేల్స్_బాబాయ్
మేత కంపెనీల్లో పనిచేసి రిటైరయ్యాను. అందులో సగం సర్వీసు ఒక విదేశీ కంపెనీలో. పేరు చెప్పను. చెరువుగట్టు గారి కోపం న్యాయమే గానీ "వాళ్ళకేం కష్టం" అంటే ఒప్పుకోను. మా కష్టం ఒకటి చెప్తా వినండి.

మేం ఇక్కడికి వచ్చిన కొత్తల్లో పైవాళ్ళ రూలు ఒకటే. డబ్బు ముందు, బస్తా తర్వాత. వాళ్ళ దేశంలో అలాగే నడిచింది, పక్క దేశాల్లోనూ నడిచింది, ఇక్కడెందుకు నడవదన్నారు. ఆ కాగితం పట్టుకుని ఆకివీడులో ఓ పెద్ద డీలరు దగ్గరికి వెళ్తే టీ ఇప్పించి, "మీ మేత మంచిదేనండి, మీకు ఈ ఊరే తెలీదు" అని నవ్వి పంపించాడు. డెల్టాలో డీలరు అసలు వ్యాపారం అప్పు. సీడ్ (రొయ్యపిల్ల) వేసిన రోజు నుంచి పట్టుబడి (రొయ్య పట్టే రోజు) దాకా ప్రతి బస్తా ఖాతాలోనే. పట్టుబడి రోజున ఏజెంటు ఇచ్చే డబ్బు తిన్నగా డీలరుకి వెళ్తుంది, వాడి బాకీ పోను మిగిలింది రైతుకి. లోకల్ కంపెనీ ఓనరు రాత్రి పదింటికి ఫోనెత్తి "సరే రాజుగారూ, ఇంకో రెండు లోడ్లు దించుకోండి" అనేస్తాడు. ఆయన రాజుగారి తోటలు చూశాడు, రాజుగారి అమ్మాయి పెళ్ళికి వెళ్ళాడు. మాకు ఆ రెండు లోడ్లకి క్రెడిట్ లిమిట్ పెంచాలంటే ఫారం నింపాలి, హైదరాబాద్ సంతకం పెట్టాలి, అక్కడి నుంచి విదేశంలో ఉన్న ఫైనాన్స్ వాళ్ళు ఒప్పుకోవాలి. అక్కడ వాళ్ళకి శుక్రవారం సాయంత్రం అయిపోతే ఇక సోమవారమే. ఈలోగా చెరువులో రొయ్య ఆకలికి పక్కదాన్ని కొరుకుతుంది, డీలరు వేరే బ్రాండు దించేసుకుంటాడు.

ఇంకో ముచ్చట. కొత్తగా వచ్చిన విదేశీ మేనేజరు డీలర్ల మీటింగు సరిగ్గా భోగి రోజున పెట్టాడు. హోటల్లో హాలు బుక్ చేసి, ప్రొజెక్టరు పెట్టి కూర్చున్నాడు. డీలర్లు ఎక్కడున్నారో నేను వేరే చెప్పక్కర్లేదు.

మొగల్తూరు_మావయ్య
బరి దగ్గర పెట్టాల్సింది మీటింగు. మొత్తం జిల్లా వచ్చేది. ఇంతకీ ఆ ఏడు మీ డీలరు కట్టింది డేగా, కాకా?

మోడరేటర్
పందేల సంగతులు ఇక్కడ వద్దు మావయ్యా. ఇప్పటికే మీ మీద రెండు ఫిర్యాదులున్నాయి.

పాలకొల్లు_లెక్చరర్
సేల్స్_బాబాయ్ గారు చెప్పింది పాఠ్యపుస్తకాల్లో సగం పేజీలో తేల్చేస్తారు. బయట ఇలాంటివి చాలా ఉన్నాయి. వాల్‌మార్ట్ జర్మనీలో కొన్నేళ్ళు తంటాలు పడి 2006లో దుకాణం కట్టేసింది. మన దేశంలో ఫోర్డ్ 2021లో కార్ల తయారీ ఆపేస్తానని చెప్పింది. డబ్బు లేకా? కాదు. ఒకచోట పనికొచ్చిన పద్ధతిని ఇంకోచోట మార్చుకోడానికి హెడ్డాఫీసు మనసొప్పదు. ఒప్పుకునేసరికి ఆలస్యమవుతుంది.

అసలు పెద్ద సవాలు చట్టం ఎప్పుడు మారుతుందో తెలియకపోవడం. దానికి దూరం వెళ్ళక్కర్లేదు, మన ఎస్.యానం దగ్గరున్న రవ్వ చమురు క్షేత్రం చాలు. కెయిర్న్ అనే స్కాట్లండ్ కంపెనీ 1996లో ఇందులోకి వచ్చింది. 2006లో షేర్ మార్కెట్‌కి వెళ్ళే ముందు తన భారత ఆస్తుల్ని లోపల్లోపల సర్దుకుంది. 2012లో పాత లావాదేవీలకి కూడా వర్తించేలా పన్ను చట్టం సవరించారు. దాని ఆధారంగా 2015లో 10,247 కోట్లు కట్టమని డిమాండ్ వచ్చింది. కంపెనీ హేగ్‌లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్ళి 2020 డిసెంబర్‌లో గెలిచింది. మన ప్రభుత్వం ఇవ్వకపోతే ప్యారిస్‌లో భారత ప్రభుత్వ ఆస్తుల మీద కోర్టు ఉత్తర్వు తెచ్చుకుంది. చివరికి 2021 ఆగస్టులో ఆ పాత తేదీ పన్ను రద్దు చేసి, 2022లో సుమారు 7,900 కోట్లు తిరిగిచ్చారు. తొమ్మిదేళ్ళ కిందటి లెక్కకి పన్ను పడితే ఏ కంపెనీ అయినా ఎలా ప్లాన్ చేసుకుంటుంది?

ఉండి_చెరువుగట్టు
మాస్టారూ, మీరు చెప్పిన కథలో కంపెనీకి చివరికి 7,900 కోట్లు తిరిగొచ్చాయి. వాళ్ళకి హేగ్ ఉంది, ప్యారిస్ ఉంది. అదే ఎస్.యానంలో వల వేసుకునేవాడికి ఏ ట్రిబ్యునల్ ఉంది? నా నలభై రూపాయలకి నేను ఏ ఊరు వెళ్ళాలి?

పాలకొల్లు_లెక్చరర్
అది వేరే ప్రశ్న. నేను సవాలు ఉందా లేదా అన్నదానికి జవాబిచ్చాను.

ఉండి_చెరువుగట్టు
వేరే ప్రశ్న కాదండి. నేనడిగింది అదే.

కోకో_కొబ్బరి
అంబాజీపేట వైపు మాది. కొబ్బరి నీడలో కోకో వేశాం. రొయ్య వాళ్ళ గోల వింటుంటే మా కథ కూడా చెప్పాలనిపిస్తోంది.

ప్రపంచం మొత్తం కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనా రెండు దేశాల్లోనే పండుతుంది. అక్కడ చెట్లు ముసలివైపోయి, వైరస్ తగిలి, వానలు తేడా కొట్టి 2024లో గింజ కరువైంది. ఆ ఏడు డిసెంబర్‌లో అంతర్జాతీయ మార్కెట్‌లో టన్ను 12,000 డాలర్లు దాటింది. ఆ వేసవిలో మా దగ్గర ఎండు గింజ కిలో వెయ్యి పలికింది. పొలం గట్టు మీదకి ఫోన్ చేసి "ఉందాండీ, ఎంతైనా తీసుకుంటాం" అన్నారు. చూసి చుట్టుపక్కల వాళ్ళంతా మొక్కలు వేశారు. 2025లో రేటు సగానికి పైగా పడిపోయింది. అదే కొనుగోలు కేంద్రంలో అదే మనిషి గింజ చేతిలోకి తీసుకుని, కత్తితో కోసి, "లోపల ఊదా రంగు సరిగ్గా పోలేదండి, పులియబెట్టడం తక్కువైంది, తేమ ఎక్కువుంది" అంటాడు. కిందటేడు ఇదే గింజ కోయకుండానే తూకం వేసుకున్నావు కదయ్యా అంటే, "అప్పుడు పైనుంచి చెప్పలేదండి" అన్నాడు. ఆ జవాబులో దాపరికం లేదు, అది మాత్రం మెచ్చుకున్నాను.

సేల్స్_బాబాయ్
@కోకో_కొబ్బరి ఆ మనిషి తప్పేం లేదు. రేటు బాగా ఉన్నప్పుడు క్వాలిటీ మాన్యువల్ బీరువాలో ఉంటుంది, రేటు పడితే బల్ల మీదకొస్తుంది. నేనూ ఆ మాన్యువల్ మోసినవాడినే.

క్యూసీ_అమ్మాయి
అలా అని క్వాలిటీ మొత్తం నాటకం అనకండి బాబాయ్. యూరప్ వాళ్ళు మన చెరువు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో సగం టెస్టు చేస్తారు. 2016 నుంచి అంతే, అంతకుముందు పదిశాతం ఉండేది. ఎందుకు పెంచారు? నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ అనే నిషేధించిన యాంటీబయాటిక్ మందుల అవశేషాలు పదేపదే దొరికినందుకు. ఒక కంటైనర్‌లో పది పదిహేను చెరువుల రొయ్య కలుస్తుంది. అందులో ఒక్క రైతు మందుల షాపువాడి మాట విని లేబుల్ లేని డబ్బా చెరువులో గుమ్మరిస్తే మొత్తం కంటైనర్ వెనక్కి. అక్కడి సూపర్ మార్కెట్ పేరు పేపర్లో పడుతుంది, మరుసటి సీజన్ మా ఆర్డరు పోతుంది. వాళ్ళ నెత్తిన అక్కడి వినియోగదారుడు, మా నెత్తిన వాళ్ళు.

ఉండి_చెరువుగట్టు
ఆ డబ్బాలు నేను వాడను. పట్టుబడికి ముందు శాంపిల్ టెస్టు చేయించే పడతాను. అలాంటి వాడికీ, గుమ్మరించినవాడికీ మీ ప్లాంటు ఒకే రేటు ఇస్తుంది. తేడా ఇచ్చిన రోజున చూడండి, డబ్బాలు వాటంతటవే ఆగిపోతాయి.

క్యూసీ_అమ్మాయి
ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. మా కొనుగోలు వాళ్ళకి కూడా చాలాసార్లు చెప్పాను.

హైదరాబాద్_జీసీసీ
మాది సాఫ్ట్‌వేర్ కాబట్టి రొయ్య కౌంటు తెలీదు గానీ గొలుసు ఒకటే. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్1బి (అమెరికా ఉద్యోగ వీసా) దరఖాస్తుకి లక్ష డాలర్ల ఫీజు అనగానే మా ఆఫీసులో ఆన్‌సైట్ వెళ్ళాల్సిన వాళ్ళ ప్రయాణాలు ఆగాయి. కంపెనీ ఏం చేసిందో తెలుసా? ఆ పని ఇక్కడికే తెచ్చుకుంది. అంటే వాళ్ళ సవాలుకి పరిష్కారం నా నైట్ షిఫ్ట్. రాజోలు నుంచి మా అమ్మ ఫోన్ చేసి "అమెరికా ఎప్పుడురా" అంటోంది, అమెరికానే మా ఫ్లోర్‌కొచ్చిందే అని చెప్పాను.

డల్లాస్_రాజు
నువ్వు నైట్ షిఫ్ట్, నేను లేఆఫ్ లిస్టు భయం. ఇద్దరికీ బాస్ ఒక్కడే అయ్యుంటాడు.

గోదారి_గాలి
నాకొక డౌటు. ఇన్ని సవాళ్ళుంటే కంపెనీలు ఈక్వడార్ వెళ్ళిపోవచ్చుగా? 2025లో వాళ్ళకి సుంకం 15 శాతమే వేశారు. వాళ్ళ కరెన్సీయే డాలరు, మారకం గొడవ కూడా లేదు. మనవాళ్ళు అనవసరంగా భ్రమలో ఉన్నారేమో.

సేల్స్_బాబాయ్
వెళ్ళొచ్చు అని బోర్డు రూంలో అనుకోవడం తేలిక. ఈక్వడార్ ఇప్పుడు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ రొయ్య ఎగుమతి చేసే దేశం, ఒప్పుకుంటాను. పెద్ద పెద్ద చెరువులు, ఎకరాకి సీడ్ తక్కువ వేస్తారు, జబ్బు తట్టుకునే రకాల్ని తరాలుగా ఎంపిక చేసుకుంటూ వచ్చారు. కానీ వాళ్ళ సరుకులో చాలా భాగం తలతో సహా చైనాకి పోతుంది. అమెరికావాడు అడిగేది వలిచి, నరం తీసి, తోక ఉంచి, సైజు వారీగా సంచీలో పెట్టినది. అది చేతి పని. భీమవరం, కాకినాడ, విశాఖ ప్లాంట్లలో వేలమంది ఆడవాళ్ళు మంచులో చేతులు పెట్టి చేసే పని. ఆ చేతుల్ని ఒక్క సీజన్‌లో ఇంకో దేశంలో తయారు చేయలేరు. అందుకే సుంకం 50 అయినా మన సరుకు పూర్తిగా ఆగలేదు. ఈక్వడార్ వాళ్ళు కూడా వలిచే యంత్రాలు పెట్టుకుంటున్నారు, కాబట్టి ఈ ధీమా ఎల్లకాలం ఉండదు.

మీరు గమనించాల్సింది ఇంకోటుంది. నాలుగు దేశాల్లో ఫ్యాక్టరీలున్న కంపెనీకి సుంకం ఒక లెక్క మాత్రమే. ఇక్కడ తగ్గించి అక్కడ పెంచుతుంది. ఒకే దేశం, ఒకే గిరాకీదారు ఉన్న మన ప్లాంటుకే అది ప్రాణసంకటం. చెరువుగట్టు గారికైతే చెప్పనే అక్కర్లేదు.

నరసాపురం_లేసు
చేతుల మాట వచ్చింది కాబట్టి మా సంగతి. మా అత్తగారి నాటి నుంచి లేసు ఎగుమతి. 2024లో ఈ ప్రాంతం సరుకని చెప్పే జీఐ గుర్తింపు కూడా వచ్చింది, ఫోటోలు దిగాం. ఇప్పుడు కొత్త సవాలు. జర్మనీలో 2023 నుంచి సరఫరా గొలుసు చట్టం అమల్లో ఉంది. అక్కడి పెద్ద కంపెనీలు తమకి సరుకిచ్చేవాళ్ళ దగ్గర మనుషుల్ని ఎలా చూస్తున్నారో కనిపెట్టుకుని ఉండాలి. దాంతో మాకు నలభై పేజీల ఫారం వచ్చింది. ప్రతి కార్మికురాలి పేరు, వయసు, పని గంటలు, కూర్చునే కుర్చీ ఎత్తు కూడా! మా దగ్గర లేసు అల్లేది ఇళ్ళల్లో. వంట అయ్యాక అరుగు మీద కూర్చుని ఒకరు, సీరియల్ చూస్తూ ఒకరు. పని గంటలు ఏం రాయను?

చట్టం మంచికే పెట్టారు, కాదనను. కూలి రేటు ఎంతిస్తున్నారని ఫారంలో అడిగారు. మరి ఆ కూలి పెంచడానికి నాకిచ్చే రేటు పెంచుతారా అని కింద చిన్న అక్షరాల్లో రాసి పంపాను. ఫారం అందిందని మెయిలొచ్చింది. నా ప్రశ్నకి రాలేదు.

పాలకొల్లు_లెక్చరర్
@నరసాపురం_లేసు అమ్మా, మీ చివరి నాలుగు వాక్యాలు మా పిల్లలకి క్లాసులో చదివి వినిపించవచ్చా?

నరసాపురం_లేసు
వినిపించండి మాస్టారూ. పేరు మాత్రం వద్దు, ఆర్డరు పోతుంది.

కోకో_కొబ్బరి
లేసు అమ్మ గారిలాగే మాకూ ఓ ఫారం రాబోతోందట. అడవులు కొట్టిన నేలలో పండిన కోకో, కాఫీ, పామాయిల్ లాంటివి యూరప్‌లో అమ్మకూడదని 2023లో చట్టం చేశారు. 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి కొట్టలేదని పొలం మ్యాపు గుర్తులతో చూపించాలి. అమలు తేదీని వాయిదాలు వేస్తున్నారు. మన కోకోలో ఎక్కువ ఈ దేశంలోనే చాక్లెట్టుగా మారిపోతుంది కాబట్టి పెద్దగా తగలదంటున్నారు. ఒకవేళ అడిగినా కోనసీమలో అడవి ఎక్కడుందండీ కొట్టడానికి. కొబ్బరి చెట్టు మా తాత వేశాడు. ఇది మనకి కలిసొచ్చేదే, ఎవరైనా గుర్తులు తీసి అమ్ముకోగలిగితే.

మొగల్తూరు_మావయ్య
పాలకొల్లులో డచ్చివాళ్ళు 17వ శతాబ్దంలోనే బట్టల వ్యాపారం పెట్టారు. అప్పుడు కూడా మన సాలెవాళ్ళకి ఇదే పాట పాడుంటారు. "పైనుంచి చెప్పలేదండి" అని. పైన అంటే అప్పుడు ఆమ్‌స్టర్‌డామ్.

గోదారి_గాలి
అందరూ కంపెనీల్ని తిడుతున్నారు. 2009లో వెనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక విదేశీ తల్లిరొయ్య రాకపోతే, టైగర్ రొయ్య తెల్లమచ్చతో పోయాక ఈ చెరువుల్లో సగం తామరాకులే ఉండేవి. మేడలు కట్టింది ఆ డబ్బుతోనే కదా. రేటు పెరిగినప్పుడు ఎవరూ ఇక్కడ పోస్టు పెట్టరు.

ఉండి_చెరువుగట్టు
మేడ కట్టింది నిజమే, దాని మీద బ్యాంకు లోను ఉన్నదీ నిజమే. లాభం వచ్చిన ఏడు వాళ్ళకీ వచ్చింది, నాకూ వచ్చింది. ఆ లెక్కలో పేచీ లేదు. నష్టం వచ్చిన ఏడు వాళ్ళు ఎక్కడికి దించారో అదే నేను అడుగుతున్నాను. సేల్స్_బాబాయ్ గారు చెప్పాలి, ఆ క్రెడిట్ గొడవ చివరికి ఎలా తేలింది? మీ కంపెనీ అప్పు ఇవ్వడం మొదలుపెట్టిందా?

సేల్స్_బాబాయ్
అడుగుతారనుకున్నాను.

అప్పు ఇవ్వలేదు. బ్యాంకుని మధ్యలో పెట్టాం. ఛానెల్ ఫైనాన్స్ అంటారు. డీలరుకి బ్యాంకు ఒక లిమిట్ ఇస్తుంది, లోడు దిగిన రోజే బ్యాంకు మా కంపెనీకి డబ్బు కట్టేస్తుంది. డీలరు రెండు మూడు నెలల్లో బ్యాంకుకి తీర్చుకోవాలి. హామీ డీలరు ఇల్లు, స్థలం. డీలరు మామూలుగానే రైతుకి ఖాతా రాస్తాడు. రైతు చెరువు పోతే డీలరు మునుగుతాడు, డీలరు మునిగితే బ్యాంకు ఇల్లు పట్టుకుంటుంది. మా పుస్తకాల్లో మాత్రం అంతా నగదు అమ్మకమే. ఆ ఏడాది మా ఏరియాకి అవార్డు వచ్చింది, "స్థానిక సవాలుకి ప్రపంచ స్థాయి పరిష్కారం" అని. షీల్డు ఇంట్లో ఇంకా ఉంది. అవార్డు వచ్చిన రెండో ఏడు జబ్బు తగిలి ఓ డీలరు స్థలం వేలానికెళ్ళింది. కంపెనీకి ఆ సంగతి ఒక్క కాగితం మీద కూడా కనపడదు.

కాబట్టి మీ అబ్బాయిని స్లైడ్లలో సవాళ్ళ పక్కన ఇంకో గడి గీయమనండి. ఆ సవాలు కంపెనీ దగ్గర ఎన్నాళ్ళుంది, ఆ తర్వాత ఎవరి పేరు మీదకి మారింది అని. ప్రతి దానికీ జవాబు దొరుకుతుంది. కెయిర్న్ పన్ను లాంటివి కొన్ని మారవు, కంపెనీయే మోయాలి. మిగతావి మారిపోతాయి.

పాలకొల్లు_లెక్చరర్
ఆ గడి నిజంగా బాగుంది. సెమినార్లో మార్కులు నేను వేసేవాడినైతే దానికే వేస్తాను. ఒక్క తేడా చెప్తాను. పేరు మార్చేసి తప్పించుకున్న కంపెనీకి డీలర్లు తగ్గిపోతే, అది మళ్ళీ వాళ్ళ సవాలే అవుతుంది. కాస్త ఆలస్యంగా.

క్యూసీ_అమ్మాయి
అదే గడి సుంకానికి గీస్తే మా ప్లాంటు మధ్యలో ఉంటుంది. కొంత మోశాం, కొంత కిందికి తోశాం. ఇప్పుడు మేం ఒక్క అమెరికా మీదే కూర్చోకుండా వేరేవి చూస్తున్నాం. 2025 జూలైలో బ్రిటన్‌తో ఒప్పందం మీద సంతకాలయ్యాయి, దాని ప్రకారం రొయ్యకి అక్కడ సుంకం ఉండదు. కానీ అక్కడి సూపర్ మార్కెట్లు చెరువు స్థాయిలో సర్టిఫికెట్ అడుగుతాయి. చెరువుగట్టు గారిలా టెస్టు చేయించే రైతులకి అప్పుడైనా రేటులో తేడా వస్తుందని ఆశ.

ఉండి_చెరువుగట్టు
తేడా ఎంతో కాగితం మీద రాసిస్తే సర్టిఫికెట్ సంగతి నేను చూసుకుంటాను. మాటలొద్దమ్మా.

డల్లాస్_రాజు
ఇంత చర్చలో ఒక్కరూ మనమే తినొచ్చు కదా అనలేదు. రాష్ట్రంలో పండినదాంట్లో మనం తినేది ఎంత?

మొగల్తూరు_మావయ్య
నేను నా వాటా సక్రమంగా తింటున్నాను. మిగతా దేశం సంగతి నాకు తెలీదు.

గోదారి_గాలి
ఢిల్లీ, బెంగళూరు దాకా ఫ్రీజర్ బండ్లు సరిగ్గా తిరిగితే తింటారు. చికెన్‌కి ఉన్నట్టు వీధి చివర కొట్టు లేదు కాబట్టి తినట్లేదు.

సైలెంట్_రీడర్
సేల్స్_బాబాయ్ గారూ, ఇంతవరకూ చదువుతూ కూర్చున్నాను, ఇప్పుడు అవసరం పడింది. మా నాన్న కాళ్ళ మండలంలో చిన్న డీలరు. మీరు చెప్పిన ఆ ఛానెల్ ఫైనాన్స్ కాగితాలు ఓ కంపెనీ వాళ్ళు పోయిన వారం ఇచ్చి వెళ్ళారు. నాన్న ఇంటి దస్తావేజులు తీసి పెట్టుకున్నాడు. సంతకం పెట్టేముందు ఏం చూడాలి?

సేల్స్_బాబాయ్
మొదట దస్తావేజులు బీరువాలో పెట్టమను. తర్వాత ఇవి చూడండి.

డీలరు కట్టలేకపోతే మొదటి నష్టంలో కొంత వాటా కంపెనీ భరిస్తుందా లేదా అన్న క్లాజు ఎక్కడుందో వెతకండి. కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది, చాలావాటిలో ఉండదు. లేకపోతే పెట్టమని అడగండి. తీర్చాల్సిన గడువు మీ పట్టుబడికి సరిపోవాలి. 90 రోజులకి రాసి రైతు 120 రోజులకి పడితే ఆ ముప్ఫై రోజుల పెనాల్టీ వడ్డీ మీదే. జబ్బు వచ్చి మండలంలో చెరువులు పోయిన సీజన్‌లో గడువు పొడిగింపు ఉంటుందా అని రాతపూర్వకంగా అడగండి, ఫోన్లో "చూద్దాం లెండి" అంటే అది లేనట్టే. ఇల్లు తాకట్టు బదులు ఖాళీ స్థలం పెడితే ఒప్పుకుంటారేమో చూడండి.

అడిగేది ఈ నెలాఖరు లోపు అడగండి. వాళ్ళకి త్రైమాసికం లెక్క మూసే రోజులు, కొత్త డీలరు సంతకం కావాలి. ఒకటో తారీఖు దాటితే ఈ మాట కూడా వినరు. కాగితాల్లో పేర్లు, నంబర్లు చెరిపేసి ఫోటో నాకు మెసేజ్ పెట్టు, రాత్రికి చదివి చెప్తాను.

సైలెంట్_రీడర్
పెట్టానండి. పదకొండో పేజీ అస్పష్టంగా వచ్చింది, మళ్ళీ తీసి పంపిస్తాను.